పోసిన మట్టి కింద

కాలిపోయిన వంటగదిలో పిచ్చుక మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద పగిలిన పలకల సందులోకి సన్నటి గొట్టం దూరుస్తోంది. పైకప్పు సగం లేదు. గోడలు నిలబడే ఉన్నాయి గానీ ఎక్కడ ముట్టుకున్నా మసి అంటుకుంటోంది. పొయ్యి కరిగి ముద్దయింది. దాని మీట ఏ వైపుకి తిరిగి ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చోదని అన్నయ్య పెట్టిన ముద్దుపేరు. జుట్టు నెరవడం మొదలైనా ఆ పేరు వదల్లేదు సరికదా, ఆమె పనిచేసే ల్యాబు దాకా పాకింది. సరస్సుల అడుగున బురదలో సూక్ష్మజీవులు వదిలే గ్యాసుని పట్టి, అది ఎక్కడ పుట్టిందో తేల్చడం ఆమె ఉద్యోగం. కుదురుగా కూర్చోని పిల్లకి దేవుడు ఆ ఉద్యోగమే రాసిపెట్టాడని వదిన నవ్వుతుంటుంది. ఎందుకంటే అందులో సగం కాలం కదలకుండా కూర్చోవడమే.

"ఏమే, ఊపిరి బిగబట్టి చేస్తున్నావు? నీ ఊపిరి కూడా సీసాలోకి పోతుందా ఏంటి?" గుమ్మంలోంచి అడిగాడు అన్నయ్య.

"పోతుంది. నువ్వు కూడా కాస్త అవతలికి జరుగు."

అన్నయ్య నవ్వి రెండడుగులు వెనక్కి వేశాడు. సరస్సు ఒడ్డున, మట్టి పోసి ఎత్తు చేసిన చోట ఉన్న ఈ పడవల క్లబ్బులో వంటగది కట్టిందీ, వాకిలికి అవతల పడవ పందాలకి తయారయ్యే పిల్లలు పడుకునే గదుల వరస కట్టిందీ ఆయనే. అందుకే పేలుడు జరిగిన దగ్గర్నుంచి రోజూ వచ్చి చూసి పోతున్నాడు. రాత్రి వంటావిడ పొయ్యి మీట మూయకుండా వెళ్లిపోయిందని, పైపు గ్యాసు గది నిండా చేరిందని, పొద్దున వచ్చి వెలిగించగానే పేలిందని అందరూ అనుకున్నారు. ఒక్క సంగతే తేలలేదు. పైపు కట్టేసి వారం దాటుతున్నా నేల సందుల దగ్గర గ్యాసు జాడ పోవడం లేదు. పైపులోంచి కారిందే మట్టిలో ఇంకి ఉంటుందని అన్నయ్య అన్నాడు. అనుమానం ఎందుకు, మా చెల్లెలి ల్యాబులో చూపిద్దామని కమిటీ వాళ్లతో చెప్పిందీ ఆయనే.

పిచ్చుక సిరంజితో లాగిన గ్యాసుని సీసాలోకి ఎక్కించి, రబ్బరు మూత నొక్కి పెడుతుండగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది. వంటావిడ. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు.

"చేతులెలా ఉన్నాయక్కా?" అన్నాడు అన్నయ్య, చప్పున ఎదురెళ్లి.

"మంట తగ్గింది సార్. దురద పెడుతోంది. అంటే మానుతున్నట్టేనంట."

"మీ తోడికోడలు?"

"ఇంటికి తీసుకొచ్చారు."

తోడికోడలు ఆ పొద్దున గిన్నెలు కడగడానికి వచ్చింది. పేలుడుకి గోడ వారకి వెళ్లి పడింది.

"నువ్వేం మనసులో పెట్టుకోకు," అన్నాడు అన్నయ్య మెత్తగా. "పోనీలే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కావాలని చేశావా ఏమన్నా? ఆవిణ్ని ఏమీ అనొద్దని కమిటీలో గట్టిగా చెప్పాను."

వంటావిడ దణ్ణం పెట్టబోయింది. కట్లు లావుగా ఉండడంతో అరచేతులు కలవలేదు. అన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మనసు అంతే. ఫోను మోగితే తీసుకుని వాకిట్లోకి నడిచాడు.

కళ్లజోడు ఇక్కడ ఉండిపోయిందని, ఏమన్నా మిగిలిందేమో చూద్దామని వచ్చానంది వంటావిడ. పిచ్చుక లేచి అరుగు మీద, కింద, బూడిదలో వెతికింది. ఒంకర తిరిగిన ఒక కాడ దొరికింది. అది చూసి ఆవిడ "సర్లెండి" అంది.

"రాత్రి మీట మూయడం మర్చిపోయారా?" పిచ్చుకకి అడగాలని లేదు గానీ నోట్లోంచి వచ్చేసింది.

"మర్చిపోయే ఉంటానమ్మా."

"ఉంటాను అంటే?"

"మొదట్లో మూశాననే చెప్పాను. ఆస్పత్రిలో వచ్చినవాళ్లంతా మళ్లీ మళ్లీ అడిగారు. మూస్తే ఎలా పేలుతుందన్నారు. నిజమే కదమ్మా, మూస్తే ఎలా పేలుతుంది?"

"పొద్దున తలుపు తీసినప్పుడు గ్యాసు వాసన రాలేదా?"

"రాలేదు. అదీ చెప్పాను. జలుబు చేసుంటుందన్నారు."

"చేసిందా?"

"ఏమో అమ్మా. ఇప్పుడు ఏదీ గట్టిగా చెప్పలేను. రాత్రిళ్లు కళ్లు మూసుకుంటే మీట తెరిచే ఉన్నట్టు కనిపిస్తోంది." గొంతు తగ్గించింది. "మా మరిది నేను గదిలోకి వస్తే లేచి బయటికి పోతున్నాడు. పెళ్లాన్ని అలా చేసినదాన్ని నేనేగా. మా ఆయన మాట్లాడతాడు గానీ మొహం చూడడు. ఆ పిల్ల మాత్రం ఒక్క మాటా అనదు. అంటే బాగుండును."

ఆవిడ వెళ్లిపోయాక పిచ్చుక సీసాల మీద గుర్తులు వేసుకుంది. పైపు గ్యాసులో వాసన కలుపుతారు. అది లేకుండా పైపు గ్యాసు ఉండదు. ఎంత జలుబు చేసినా తలుపు తీయగానే ముక్కు అదిరిపోవాలి. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి సంతోషం కలగలేదు. కిటికీలోంచి చూస్తే అన్నయ్య ఫోనులో మాట్లాడుతూ, తను కట్టిన గోడని అరచేత్తో అలవాటుగా నిమురుతున్నాడు.

*

ఆ మధ్యాహ్నమే పడవ తీసుకుని సరస్సులోకి వెళ్లింది. ఎండాకాలం కావడంతో నీళ్లు బాగా తీసి ఉన్నాయి. నీళ్లు తగ్గితే అడుగు బురద మీద బరువు తగ్గుతుంది. లోపల ఇరుక్కున్న గ్యాసు బుడగలై పైకి తన్నుకొస్తుంది. పడవ పక్కన అక్కడక్కడా నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టున్నాయి. పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా బురదలోకి దింపి, పైన మూత బిగించి, నడుం పట్టేసేలా మెల్లగా లాగింది. నల్లటి బురద జారకుండా నిలువు కడ్డీలా వచ్చింది. ఒడ్డుకొచ్చాక ఇంకో సీసాలోకి పైపు గ్యాసు కూడా పట్టి తెచ్చుకుంది.

ల్యాబులో యంత్రం ముందు కూర్చుంటే ఆమెకి లోకం గుర్తుండదు. ఆ రోజు మాత్రం అన్నీ గుర్తొస్తూనే ఉన్నాయి. గ్యాసు ఎక్కడ పుట్టిందో చెప్పే అంకె, బురద గ్యాసుకి మైనస్ అరవై ఏడు వచ్చింది. ఈ సరస్సు బురద ఎప్పుడూ అక్కడక్కడే తిరుగుతుంది. పైపు గ్యాసు మైనస్ నలభై. అదీ మామూలే. ఇక వంటగది నేల సందులో గ్యాసు.

మైనస్ యాభై రెండు.

మళ్లీ ఎక్కించింది. యాభై రెండే. ఇంకో సీసా పెట్టింది. యాభై ఒకటి. అటూ కాదు, ఇటూ కాదు. పైపు గ్యాసులో ఉండే మిగతా వాయువుల జాడ పట్టే యంత్రం ఇంకొకటుంది. అది పాడైపోయి, రిపేరుకని పెట్టెలో ఊళ్లు తిరుగుతోంది, ఎప్పుడొస్తుందో తెలీదు.

పెద్దాయన, అంటే ల్యాబు అధిపతి, ఆమె భుజం మీదుగా అంకెలు చూశాడు. "రెండూ కలిసి ఉండొచ్చు. లేదా బురద గ్యాసే పైకొస్తూ మారి ఉండొచ్చు. ఏదీ తేల్చలేం అని రాసెయ్యండి. తేల్చలేనిదాన్ని తేల్చలేమనడం కూడా మన పనేగా."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆ మాట ఆమెకి అంత హాయిగా తగిలింది. తేల్చలేం అంటే చాలు, అన్నయ్యకి ఏమీ కాదు. వంటావిడకి కొత్తగా పోయేదీ లేదు, ఎలాగూ తనే చేశానంటోంది. పిచ్చుక సీసాలన్నీ వరసగా సర్దింది, కలిపేసింది, మళ్లీ సర్దింది.

మారి ఉంటే ఎలా మారిందో తెలుసుకునే దారి ఒకటుంది. అది ఆమెకి తెలుసు. పెద్దాయనకీ తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు, ఎందుకంటే దానికోసం తవ్వాల్సింది ఎవరు వేసిన నేలనో ఆయనకి తెలుసు.

*

"ఏదీ, మీ పురుగులు ఏమంటున్నాయి?" అన్నాడు అన్నయ్య, భోజనాల దగ్గర.

"పురుగులు కాదు అన్నయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి? కంటికి కనపడవు."

"కనపడకుండా కూడా జీతం ఇప్పిస్తున్నాయి చూడు దీనికి," అన్నాడు వదినతో. కూర గిన్నె లాక్కుని, చెల్లెలు వద్దంటున్నా ఆమె కంచంలో ఇంత వేశాడు. ఇంట్లో ఉన్నంతకాలం ఆమె కంచం నింపడం తన పనే అన్నట్టుంటాడు.

"అంకె మధ్యలో వచ్చింది," అంది పిచ్చుక.

"మధ్యలో అంటే?"

"కార్బన్‌లో తేలికది, కాస్త బరువైనది అని రెండు రకాలున్నాయి. బురదలో గ్యాసు చేసే సూక్ష్మజీవులు బద్ధకపువి. తేలికది దొరికితే బరువుదాని జోలికి పోవు. అందుకే బురద గ్యాసులో తేలికదే ఎక్కువ. పైపులో వచ్చేది భూమిలో బాగా లోతున, వేడికి పుట్టింది. దాన్లో బరువుది ఎక్కువ. ఆ తేడా యంత్రం చెప్పేస్తుంది. తేలికది ఎంత ఎక్కువుంటే మైనస్ పక్కన అంకె అంత పెద్దది."

"తేలిక సంచీ తను పట్టుకుని, బరువుది నాకిచ్చినట్టు," అంది వదిన, మొగుణ్ని చూస్తూ.

అన్నయ్య పగలబడి నవ్వాడు. "అయితే రెండూ కలిశాయన్నమాట. తేలలేదని రాసెయ్. దాంతో అయిపోతుంది."

"రాయొచ్చు."

"మరి?"

పిచ్చుక కంచంలో వేలితో గీతలు గీస్తోంది. "గ్యాసుని తినే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి అన్నయ్యా. గాలి తగిలే చోట, పైపైన ఉంటాయి. అవీ ముందు తేలికదే తింటాయి. అవి తినగా మిగిలింది బరువుగా కనిపిస్తుంది. అంటే కింద అరవై ఏడున్నది, పైకొచ్చేసరికి యాభై రెండు అవ్వొచ్చు. పైపు గ్యాసు చుక్క కలవకుండానే."

అన్నయ్య నవ్వు ఆగిపోయింది. కోపం రాలేదు. పనివాడు లెక్క అప్పజెబుతుంటే వినే మొహం పెట్టి విన్నాడు.

"అవ్వొచ్చు," అన్నాడు. "అయిందనీ లేదుగా."

"లేదు. నేలలోకి రంధ్రం చేసి, గాలి తగలని లోతునుంచి తీస్తే తెలుస్తుంది. అక్కడ కూడా మధ్యలోనే వస్తే పైపు గ్యాసు దిగినట్టు. అరవైల్లో వస్తే..." ఆగింది. "నేల కింద బురదే గ్యాసు చేస్తున్నట్టు."

"ఆ బురద తీసేశాకే కదే మట్టి పోసింది."

ఆ మాట అనడంలో ఏదో తొందర వినిపించింది. వదిన తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆయన నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే పెట్టేశాడు.

"చాలావరకు తీశాం," అన్నాడు. "వానలు ముంచుకొస్తున్నాయని కమిటీ వాళ్లు ప్రాణం తీశారు. గదుల వైపు కొంచెం..."

పిచ్చుక చేయి కడుక్కోవడానికి లేచింది. "నువ్వు వద్దంటే తవ్వను" అనే మాట గొంతు దాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. అనేసి ఉంటే ఆయన ఏమనేవాడో ఆమెకి జన్మలో తెలియదు. కుళాయి దగ్గర అవసరానికి మించి చేతులు రుద్దుకుంటూ నిలబడింది.

వెనక నుంచి అన్నయ్య గొంతు వినిపించింది. "నీ చేతి డ్రిల్లు ఆ కాంక్రీటుకి ఆనదు. పొద్దున మా పెద్ద మిషను తెస్తాను."

*

డ్రిల్లు ఆయనే పట్టుకున్నాడు. నిప్పురవ్వ లేస్తే ప్రమాదమని పిచ్చుక నీళ్లు పోయించింది, సందుల మీద తడి గోనెలు పరిపించింది, గ్యాసు మీటరు నేల మీద పెట్టుకుని కూర్చుంది. డ్రిల్లు నీళ్లలో గుడగుడలాడుతూ దిగింది. పలకలు, కాంక్రీటు, ఆ తర్వాత ఎర్రమట్టి. అన్నయ్య భుజాలు కాస్త సడలాయి. "చూశావా, ఎర్రమట్టి," అన్నాడు. డ్రిల్లు ఇంకా దిగింది. పైకి లాగినప్పుడు దాని మొనకి అంటుకున్నది నల్లగా, మెత్తగా ఉంది. పడవలోంచి పిచ్చుక లాగిన బురదకీ దానికీ తేడా లేదు. కుళ్లిన ఆకుల వాసన సన్నగా లేచింది.

మీటరు కీచుమంది.

పిచ్చుక మిషను ఆపించి, గొట్టం దింపి, రంధ్రం నోరు బంకమట్టితో మూసి, సీసాలు నింపడం మొదలుపెట్టింది. మొదటి సిరంజి పారబోసింది, రెండోదీ పారబోసింది. గొట్టంలోని పాత గాలి పోవాలి. మూడోది సీసాలోకి ఎక్కించింది. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అన్నయ్య డ్రిల్లు మొనకున్న బురదని బొటనవేలితో తీసి, చూపుడువేలితో నలిపి చూస్తున్నాడు.

"ఫలితం ఎప్పుడొస్తుంది?"

"రేపటికి. నువ్వు ఇంటికి..."

తలెత్తి చూస్తే ఆయన వినడం లేదు. పైకప్పు లేని చోటునుంచి వాకిలి అవతలకి చూస్తున్నాడు. అక్కడ గదుల వరస ముందు తీగ మీద తడి బనియన్లు ఆరేసి ఉన్నాయి. గది లోపల ఎవరో పాట పెట్టారు. ఇంకొకడు కిటికీలన్నీ బిగించి, ఏసీ వేసుకుని నిద్రపోతున్నట్టుంది. బయట పెట్టెలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"అటు తక్కువ తీశాం," అన్నాడు అన్నయ్య. ఎవరితో అన్నాడో తెలీదు. "ఇటు కంటే తక్కువ."

బురద చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేశాక పరుగులాంటి నడక అయింది. పిచ్చుక మీటరు పట్టుకుని వెనకాల పరిగెత్తింది.

పిల్లలకి పడవ నేర్పే కోచ్ గుమ్మంలో టీ తాగుతున్నాడు.

"అందర్నీ బయటికి తీసుకురా," అన్నాడు అన్నయ్య. "సామాన్లు తర్వాత. ఏసీలు ఆపొద్దు, లైట్లు ముట్టుకోవద్దు, స్విచ్చు దేనిమీదా చెయ్యి వెయ్యొద్దు. మెయిను నేను బయట కట్టేస్తా. తలుపులు తెరిచి వదిలెయ్యండి."

కోచ్ నవ్వబోయి ఆగాడు. "ఏమైంది సార్?"

"నేల కింద గ్యాసుంది."

"ఎవరు చెప్పారు?"

అన్నయ్య చెల్లెలి వైపు చూడలేదు. "నేనే చెబుతున్నా. కట్టినవాణ్ని నేనేగా."

"సెక్రటరీగారు అడిగితే?"

"నేనే చెప్పానని చెప్పు. ఇదే మాట. ముందు పిల్లల్ని లేపు."

పిల్లలు నిద్రమొహాలతో, ఒకడు దుప్పటి కప్పుకుని, ఒకడు ఒంటికాలి చెప్పుతో వాకిట్లోకి వచ్చారు. అన్నయ్య తలుపు తలుపుకీ వెళ్లి లోపలికి తొంగి చూసి, పేరుపేరునా అడిగి, అందరూ వచ్చారని కోచ్ రెండుసార్లు చెప్పినా నమ్మక మళ్లీ చూశాడు. పిచ్చుక చివరి గదిలో నేలకీ గోడకీ మధ్య గీతలా ఉన్న సందు దగ్గర మీటరు పెట్టింది. కీచుమంది.

బయటికి వచ్చేసరికి ఆయన తీగ కింద గట్టు మీద కూలబడి ఉన్నాడు. పక్కన కూర్చుంది.

"ఆవిడతో పోనీలే అన్నానే," అన్నాడు అన్నయ్య. "నువ్వు విన్నావుగా. పోనీలే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అన్నాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టింది."

*

మర్నాడు అంకె వచ్చింది. మైనస్ అరవై ఆరు. పిచ్చుక అలవాటు కొద్దీ మూడుసార్లు ఎక్కించింది. పెద్దాయన చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నేను తొందరపడ్డాను," అన్నాడు.

అప్పటికే అన్నయ్య సెక్రటరీకి అంతా చెప్పేసి వచ్చాడు. ల్యాబు మాట కోసం ఆగలేదు. సెక్రటరీ చాలాసేపు తలుపు మూసి మాట్లాడాడట. ఇంత తొందరెందుకు, ముందు మనం మనం ఆలోచించుకుందాం అన్నాడట. పిల్లల్ని ఎందుకు బయట పడుకోబెట్టారని తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి అని అన్నయ్య ఎదురు అడిగాడట. విచారణ ఉంటుందని, ఆయన చేతిలో ఉన్న పనులన్నీ ఆపించారని వదిన ఫోనులో చెప్పింది. "ఏడవలేదు," అంది. "అన్నం మాత్రం నేను కలిపి పెట్టాల్సి వచ్చింది."

సాయంత్రం ఆయనే ల్యాబు గేటు దగ్గరికి వచ్చాడు. "పద, ఆవిడ ఇంటికి వెళ్లొద్దాం. ఆ అంకెల సంగతి అడిగితే నువ్వు చెప్పాలి."

వంటావిడ ఇల్లు ఇరుకు సందులో, పక్కపక్క గుమ్మాల మధ్య ఉంది. మొదటి గదిలో మంచం మీద తోడికోడలు వెనక్కి ఆనుకుని కూర్చుంది. చెంప మీద ఎర్రటి కొత్త చర్మం. మరిది గోడకి చేరగిలబడి ఉన్నాడు. వంటావిడ లోపలి గుమ్మం దగ్గరే, వాళ్లకి దూరంగా నిలబడి ఉంది. కూర్చోమనడానికి కుర్చీ చూపించింది. అన్నయ్య కూర్చోలేదు.

ఆయన ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆవిడకి మాత్రమే వినపడేంత గొంతుతో మొదలుపెట్టాడు. నేల కింద సరస్సు బురద ఉండిపోయిందని, దాన్లో పుట్టిన గ్యాసు పలకల సందుల్లోంచి గదిలోకి చేరిందని, మట్టిపొరల్లోంచి పైకొచ్చేసరికి దానికి వాసన ఉండదని. అది పైపు గ్యాసు కాదని. ఆవిడ అర్థం కానట్టు పిచ్చుక వైపు చూసింది.

"ల్యాబులో తేలిందండీ," అంది పిచ్చుక. "ఆ రాత్రి మీట ఎలా ఉందో యంత్రం చెప్పలేదు. కానీ పైపు గ్యాసు లేకుండానే పేలడానికి సరిపడా గ్యాసు నేల కింద ఉంది. అది ఇంకా వస్తూనే ఉంది. మీకు వాసన రాలేదన్నారు చూడండి, పైపు గ్యాసయితే రావాలి."

వంటావిడ పెదవులు కదిలాయి. కట్టు కట్టిన కుడిచెయ్యి ఎత్తి, గాలిలో ఏదో పట్టుకున్నట్టు మణికట్టు మెల్లగా తిప్పింది. ఇంకోసారి తిప్పింది. కళ్లు మూసుకుని, తెరిచింది.

"మూశాను," అంది. "మూసి, గిన్నెల మీద మూతలు పెట్టాను. మూశాను సార్."

"అవునక్కా. మట్టి పోసింది నేను. నన్ను..." అన్నయ్య చేతులు జోడించాడు.

ఆవిడ ఆ చేతుల వైపు చూడలేదు. మంచం వైపు చూస్తోంది. మరిది గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు, సగం వినీ వినక. తోడికోడలు వీళ్ల మొహాలు మార్చి మార్చి చూస్తోంది. ఏం జరుగుతోందో ఆమెకి అందలేదు.

"నాకు కాదు సార్," అంది వంటావిడ. "అటు తిరిగి చెప్పండి. గట్టిగా చెప్పాలి. పేలిన దగ్గర్నుంచి ఆ పిల్లకి చెవులు సరిగ్గా వినపడట్లేదు."

అన్నయ్య మంచం దగ్గరికి వెళ్లాడు. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు సరిగ్గా లేవలేదు. తోడికోడలు తల అడ్డంగా ఊపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"తప్పు నాదమ్మా!" అన్నాడు, గది అదిరేలా. "మీ అక్క మీట మూసే వెళ్లింది! తప్పు నాది!"

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఎదురింట్లో ఎవరో కిటికీ దగ్గరికి వచ్చారు. తోడికోడలు ఆయన్ని దాటి వంటావిడ వైపు చూసి, మంచం మీద కాస్త పక్కకి జరిగి, చోటు చేసింది.

వంటావిడ వెళ్లి కూర్చుంది. "ఇంకోసారి చెప్పండి సార్," అంది. "మా మరిది కూడా వినాలి."